ఈ-మెయిలులో పంపు ఫొటోలు: వానిని చిన్నవి చేయుట మన చేతి పనియే



మన తాతల కాలమున పైరునకు తెగులు సోకినచో, ఆకు నొకదానిని త్రుంచి, కాగితములో చుట్టి, కవరులో పెట్టి తపాలాలో పంపుచుండిరి. అది చేరవలసిన చోటు చేరునప్పటికి సగమెండి, సగము కుళ్ళి, ఏ తెగులో పోల్చుటకు వీలుకాకుండ నుండెడిది. నేడట్టి ప్రయాస లేదు. జేబులోని ఫోను తీసి, ఆకు నెదుట పట్టి, ఒక ఫొటో తీసి ఈ-మెయిలులో పంపినచో, అది నిమిషములో పరిశోధనా కేంద్రమందలి శాస్త్రజ్ఞుని బల్ల మీదికి చేరవలెను. చేరవలెనే గాని, చేరుచున్నదా? "ఫొటోలు పంపి నాలుగు దినములైనది, జవాబు లేదు" అని సంఘ సభ్యులు నాతో మొఱపెట్టుకొనుట తఱచైనది. విచారించి చూడగా, పలుమారులు దోషము శాస్త్రజ్ఞునియందును లేదు, రైతునందును లేదు. ఫొటో యొక్క బరువునం దున్నది.

ఈ బరువు తగ్గించుటకు ప్రత్యేకముగ సాఫ్టువేరు కొనవలెనని కొందఱును, పట్టణములోని నెట్ సెంటరుకు పోయి డబ్బిచ్చి చేయించుకొనవలెనని కొందఱును, తగ్గించిన ఫొటో అసలే పనికిరాదని మఱి కొందఱును తలంచుచున్నారు. ఈ మూడు తలంపులును సరికావని నా నిశ్చితాభిప్రాయము. మన ఫోనులోను, సంఘ కార్యాలయమందలి కంప్యూటరులోను ఇదివఱకే యున్న సాధనములు చాలును. అయితే ఏది తగ్గించవచ్చునో, ఏది తగ్గించరాదో తెలిసి చేయవలెను. అది పైరు సంగతి యెఱిగిన రైతుకు తెలియును గాని నెట్ సెంటరులోని కుఱ్ఱవానికి తెలియదు.

ఆ మధ్య మిరప పంట కాలమున జరిగిన సంగతి యొకటి చెప్పెదను. మన సభ్యులొకరు తమ రెండెకరముల తోటలో పూత రాలుటయు, లేత ఆకులు ముడుచుకొనుటయు చూచి, తొమ్మిది ఫొటోలు తీసి పంపిరి. ఒక్కొక్కటి 5 ఎం.బి. చొప్పున మొత్తము 45 ఎం.బి. అంత బరువును జాబు మోయలేదు. ఫొటోలకు బదులు వాని జాడ తెలుపు లంకె మాత్రమే అవతలికి పోయినది. ఆ లంకెను తెఱచుటకు పంపినవారి అనుమతి కావలెను. శాస్త్రజ్ఞుడు అనుమతి కోరుచు వెంటనే తిరుగు జాబు వ్రాసెను. మన సభ్యులు పొలము పనిలో నుండి నాలుగు దినములు మెయిలు తెఱవనేలేదు. అనుమతి యిచ్చి, ఫొటోలు చూచి, నల్ల తామర పురుగు అని జవాబు వచ్చునప్పటికి వారము గడచినది. ఈ లోపల దుకాణదారుడు చెప్పిన మందులు రెండుమారులు కొట్టుటయు, ఆ ఖర్చు వృథాయగుటయు జరిగినవి. ఈ పురుగు 2021లో గుంటూరు, ఖమ్మము ప్రాంతముల మిరప తోటలను ఎట్లు పాడుచేసినదో మనకందఱకును తెలిసినదే. దానికి వారము గడువిచ్చుట యనగా ఏమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇప్పుడు ఆ బరువు ఎక్కడ నుండి వచ్చినదో చూతము. ఫొటో యనునది సన్నని చుక్కల పొలము. ఆ చుక్కను పిక్సెలందురు. 12 మెగాపిక్సెళ్ళ కెమెరా తీసిన ఫొటోలో అడ్డముగ 4000, నిలువుగ 3000 చుక్కలుండును, మొత్తము 1,20,00,000. ప్రతి చుక్కకును ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగుల లెక్క వ్రాయుటకు మూడు బైట్లు పట్టును. ఉన్నదున్నట్లు వ్రాసినచో ఒక్క ఫొటోయే 36 ఎం.బి. అగును. మన ఫోనులో అది నాలుగైదు ఎం.బి.లుగనే కనబడుటకు కారణము జెపెగ్ అను పద్ధతి. ఇది 1992లో ప్రమాణముగ నేర్పడినది. దీనికి మూలమైన గణితమును 1974లో ప్రకటించినవారు నాసిర్ అహమ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు గారలు. అహమ్మద్ గారు బెంగుళూరున పుట్టినవారు. రావు గారు మదరాసు విశ్వవిద్యాలయమున చదివినవారు. ఇది దేశాంతరపు మాయ యని జంకవలసిన పని లేదని చెప్పుటకే ఈ పేర్లు వ్రాసితిని.

ఈ పద్ధతి ఫొటోను అడ్డముగ ఎనిమిది, నిలువుగ ఎనిమిది చుక్కలు గల చిన్న మడులుగ విభజించును. ఒక్కొక్క మడిలో కంటికి ముఖ్యముగ కనబడు వెలుగు నీడల మార్పులను నిలుపుకొని, కన్ను గుర్తింపజాలని సన్నని మార్పులను విడిచిపెట్టును. మన కన్ను వెలుగులోని తేడాను పట్టినంతగ రంగులోని తేడాను పట్టదు గనుక, రంగుల లెక్కను మఱికొంత ముతకగ వ్రాసికొనును. కళ్ళములో ధాన్యము తూర్పారబట్టుట వంటి పని యిది. గాలి మితముగ నున్నంతవఱకు పొల్లు పోయి గింజ నిలుచును. గాలి హెచ్చినచో గింజయు ఎగిరిపోవును. మితిమీరి తూర్పారబట్టిన ఫొటోను పెద్దది చేసి చూచినచో, ఆ మడుల గట్లు కూడ కంటికి కనబడును. ఆకు మీది మచ్చ అంచు మాత్రము కనబడదు.

కావున ఫొటో బరువు తగ్గించుటకు రెండు దారులున్నవి. ఒకటి చుక్కల సంఖ్య తగ్గించుట, రెండవది మఱింత గట్టిగ తూర్పారబట్టుట. మొదటి దారియే రైతునకు క్షేమకరమని నేను చెప్పుదును. పొలము లెక్క యెఱిగిన వారికి ఇది సులభముగ బోధపడును. నలుచదరపు చెలక యొక్క పొడవు, వెడల్పు రెండును సగము చేసినచో విస్తీర్ణము సగము గాదు, నాల్గవవంతు అగును. అట్లే 4000 అడ్డమును 1600కు తగ్గించినచో నిలువు 1200 అగును; మొత్తము చుక్కలు 19,20,000. అనగా మొదటి దానిలో ఆఱవ వంతు కన్న తక్కువ. కార్యాలయములలో సామాన్యముగ నుండు కంప్యూటరు తెఱ మీద అడ్డముగ 1920, నిలువుగ 1080 చుక్కలు మాత్రమే యుండును. చూచువాని తెఱయే ఇరువది లక్షల చుక్కలది కాగా, కోటి యిరువది లక్షలు పంపి ప్రయోజనమేమి? పంపినది పెద్దదిగ చేసి చూచుకొనుటకు కొంత ఉపయోగపడును గాని, దానికి ఇంకొక మంచి ఉపాయమున్నది, ముందు చెప్పెదను.

ఇంకొక సంగతి గలదు. మెయిలు మొదట అక్షరముల జాబుల కొఱకు పుట్టినది. ఫొటోను దానిలో పంపునప్పుడు ప్రతి మూడు బైట్లను నాలుగు అక్షరములుగ మార్చి వ్రాయును. దీని వలన బరువు మూడవ వంతు పెరుగును. ధాన్యము తూకమునకు గోనె బరువు చేరినట్లే. జీమెయిలులో ఒక జాబునకు పరిమితి 25 ఎం.బి.; అయినను 18 ఎం.బి.ల ఫొటోలు దాటకుండుట మేలు. తీసికొను కార్యాలయపు పరిమితి 10 ఎం.బి. మాత్రమే యైనచో, 7 ఎం.బి. దాటిన ఫొటోలకే అక్కడ తలుపు మూయబడవచ్చును. పొలములో సంకేతము బలహీనముగ నుండి, సెకనునకు ఒక మెగాబిట్టు చొప్పున పోవుచున్నదనుకొనుడు; ఆ 45 ఎం.బి.ల తొమ్మిది ఫొటోలు గోనె బరువు కలుపుకొనకయే ఆఱు నిమిషములు పట్టును, నడుమ తెగినచో మరల మొదటికి. అర ఎం.బి. ఫొటోలు మూడు పండ్రెండు సెకనులలో పోవును.

ఈ ఫైళ్ళను జిప్ చేసి పంపినచో తగ్గునని యెవరో చెప్పగా కొందఱు నమ్మిరి. లెక్కల కాగితములకు అది సరియే గాని, జెపెగ్ ఫొటోలకు కాదు. ఒకసారి తూర్పారబట్టిన ధాన్యములో మఱల పొల్లెక్కడ నుండి వచ్చును?

ఇక అసలు విషయమునకు వచ్చెదను. ఫొటోను చిన్నది చేయుటకు ముందు, ఇది దేని కొఱకు పంపుచున్నానని ప్రశ్నించుకొనవలెను. నల్ల తామర పురుగు పొడవు ఒక మిల్లీమీటరు ప్రాంతము. అది పూలలో దాగియుండును. మీరు నిలుచుండి, మీటరు వెడల్పు గల చెట్టంతయు పడునట్లు ఫొటో తీసినారనుకొనుడు. 4000 చుక్కలు వేయి మిల్లీమీటర్లకు పంచినచో, పురుగు పాలికి నాలుగే చుక్కలు వచ్చును. దానిని 1600కు తగ్గించినచో ఒకటిన్నర చుక్క మిగులును. దానిని చూచి పురుగో, దుమ్మో, నీడయో బ్రహ్మదేవుడును చెప్పజాలడు. అట్లుగాక, పూవు నొకదానిని విప్పి, పది సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే పడునట్లు దగ్గరగ తీసినచో, పురుగునకు నలుబది చుక్కలు వచ్చును. 1600కు తగ్గించిన తరువాతను పదునాఱు మిగులును. మొదటి ఫొటో 5 ఎం.బి., రెండవది అర ఎం.బి. ఐనను రెండవ దానియందే పురుగున్నది, మొదటి దానియందు లేదు. బరువైన ఫొటోయే మంచి ఫొటో యను భ్రమ మనలో చాలమందికి గలదు. తగ్గించిన ఫొటో పనికిరాదనువారు ఈ లెక్క నొకసారి వేసి చూడవలెను.

దగ్గరగ తీయ వీలుకాని యెడల, లేక తీయుట ముందే అయిపోయిన యెడల, ఫొటోలో పనికివచ్చు భాగమును మాత్రము కత్తిరించి యుంచుకొనవలెను. ఫోనులలో దీనిని క్రాప్ అందురు. మన తెలుగువారి వాడుకలో క్రాపు అనగా తలవెండ్రుకలు కత్తిరించుట; ఇంగ్లీషువారి వాడుకలో పైరును క్రాపే; ఇప్పుడు ఫొటోకును క్రాపే వచ్చినది. పేరేదైనను ఈ పని ప్రతి ఫోనులో నున్నది, దీనికి వేఱు సాధన మక్కఱలేదు. పైని నేను చెప్పెదనన్న మంచి ఉపాయ మిదియే. 4000కు 3000 గల ఫొటోలో నుండి, పురుగు పట్టిన కొమ్మ చుట్టును 1600కు 1200 చుక్కల భాగమును కత్తిరించినచో, బరువు ఆఱవ వంతునకు దిగును. ఆ భాగములోని చుక్క యొక్కటియు నశింపదు. ముందు కత్తిరించి, ఇంకను బరువుగ నున్నచో తరువాత తగ్గించవలెను. ముందు తగ్గించి తరువాత కత్తిరించినవారికి మసక మాత్రమే మిగులును.

పురుగు పురుగునకు, తెగులు తెగులునకు చూపవలసిన గుర్తు వేఱు. మొక్కజొన్న సుడిలోని కత్తెర పురుగు, 2018లో కర్ణాటకమున మొదట కనబడి మన ప్రాంతములకు వ్యాపించినది, తలపై తలక్రిందులైన 'వై' అక్షరము వంటి గీతను, తోక దగ్గర చతురస్రముగ నాలుగు చుక్కలను కలిగియుండును. ఈ రెండును ఫొటోలో పడకున్నచో, పచ్చని ఆకుపై గోధుమ రంగు పురుగు అని మాత్రమే తెలియును. అట్టి పురుగులు పెక్కులు గలవు. వరిలో అగ్గి తెగులు మచ్చ నూలుకండె ఆకారమున, నడుమ బూడిద రంగుతో నుండును. గోధుమ మచ్చ తెగులు మచ్చ నువ్వుగింజ ఆకారమున నుండును. తేడా యంతయు మచ్చ అంచునందే. అందుచేతనే గట్టిగ తూర్పారబట్టరాదని పైని వ్రాసితిని. ఇంత శ్రద్ధగ తీసిన ఫొటోతో పాటు జాబులో విత్తనపు రకము, నాటిన తేది, ఇంతకు ముందు కొట్టిన మందుల పేర్లు వ్రాయనివారు పలువు రున్నారు. ఆ సంగతులు ఎంత పెద్ద ఫొటోలోను కనబడవు.

చేయు విధానము క్లుప్తముగ చెప్పెదను. ఆండ్రాయిడ్ ఫోనున్న సభ్యులు గ్యాలరీలో ఫొటో తెఱచి, ఎడిట్ నొక్కి, క్రాప్ చేసి, 'సేవ్ కాపీ' అని యున్నచో దానినే నొక్కవలెను. మూలము చెడక వేఱుగ నిలుచును. శామ్‌సంగ్ వారి గ్యాలరీలో, ఎడిట్ తెఱచిన తరువాత మూడు చుక్కల గుర్తు వద్ద 'రీసైజ్' కూడ నుండును. అది లేని ఫోనులో, కెమెరా సెట్టింగులలో ఫొటో కొలతను ముందే తక్కువకు మార్చుకొని తీయవచ్చును. కాని పని ముగియగానే దానిని తిరిగి యథాస్థానమున నుంచవలెను, లేనిచో పెండ్లి ఫొటోలును పురుగు ఫొటోల వలె వచ్చును. ఐఫోను మనలో కొలదిమందికే గలదు. దాని మెయిలు పంపునప్పుడు తానే అడుగును, చిన్నది, మధ్యరకము, పెద్దది, అసలు కొలత అని, ఒక్కొక్కదాని బరువును చూపి. పెద్దది అనునది చాలును.

సంఘ కార్యాలయమందలి విండోస్ కంప్యూటరులో పెయింట్ అను ప్రోగ్రాము 1985లో వచ్చిన మొట్టమొదటి విండోస్ నుండియు ఉచితముగ నున్నదే. దానిని పిల్లలు బొమ్మలు గీసికొను సాధనముగ తలంచి మనము చిన్నచూపు చూచుచున్నాము. అందులో ఫొటో తెఱచి, 'రీసైజ్' నొక్కి, పిక్సెల్స్ ఎంచుకొని, అడ్డము కొలత 1600 అని వ్రాయవలెను. నిష్పత్తి నిలుపు గడిలో టిక్కు ఉన్నచో నిలువు కొలత అదియే సరిపడును. ఆ టిక్కు తీసివేసిన యెడల చెట్టు పొడవగును, ఆకు సన్నబడును. ఆకు ఆకారమును బట్టి తెగులు చెప్పవలసినవారికి అంతకన్న మోసము లేదు. పిమ్మట 'సేవ్' నొక్కరాదు. 'సేవ్ యాజ్' నొక్కి, జెపెగ్‌గా, వేఱు పేరుతో దాచవలెను. కంప్యూటరులో మెయిలు ప్రోగ్రాము కుదిర్చి యున్నచో ఇంకొక సులువు గలదు. కావలసిన ఫొటోల నన్నింటిని ఎంచి, మౌసు కుడి మీట నొక్కి, 'సెండ్ టు' లో 'మెయిల్ రెసిపియంట్' అనినచో, ఏ కొలతకు తగ్గించవలెనని అదియే అడుగును. 640, 800, 1024, 1280 అను కొలతలలో 1280ని ఎంచుకొనుడు. మూలములు ఎక్కడివక్కడనే యుండును, తగ్గిన నకళ్ళు మాత్రము జాబులో చేరును.

మూలమును గూర్చి ఇన్నిమారులు చెప్పుట చాదస్తమనిపించవచ్చును. విత్తనపు గింజలను తిండిగింజలలో కలుపు రైతు ఎవడును లేడు గదా? కెమెరా తీసినది విత్తనము, పంపునది తిండిగింజ. జెపెగ్ ఫొటోను మార్చి దాచిన ప్రతిసారియు మరల తూర్పారబట్టినట్లే యగుచు కొంత నష్టమగును. నకలు నుండి నకలు తీసి, దాని నుండి ఇంకొకటి తీసినచో చివరకు మిగులునది మసకయే. ఎన్నిమారులు తగ్గించవలసి వచ్చినను మూలము నుండియే తగ్గించవలెను.

ఇంత శ్రమ యెందులకు, వాట్సాప్‌లో పంపిన చాలదా యని మన యువకు లడుగుచున్నారు. దీనికి నా సమాధానము రెండు తెఱగులు. పురుగు చూపి సలహా అడుగుటకు వాట్సాప్ చాల మంచిది. అది ఎవరినడుగకయే ఫొటోను తగ్గించి పంపును, 2023 నుండి 'హెచ్.డి.' అని మేలైన తరగతి కూడ నిచ్చినది. నేనును దినమున కెన్నియో ఫొటోలు దానిలోనే చూచుచున్నాను. కాని ఫొటోలో కంటికి కనబడని మఱికొన్ని సంగతులు వ్రాయబడి యుండును: తీసిన తేది, వేళ, లొకేషన్ తెఱచియున్నచో తీసిన స్థలము యొక్క అక్షాంశ రేఖాంశములు. వాట్సాప్‌లో ఫొటోగ పంపినప్పుడు ఈ గుర్తులు చెఱిగిపోవును. నష్టపరిహారమునకు సాక్ష్యముగ నిలువవలసిన ఫొటోకు ఇవి ప్రాణము వంటివి. అట్టిదానిని వాట్సాప్‌లోనే పంపవలసి వచ్చినచో 'డాక్యుమెంటు'గ పంపవలెను. అప్పుడు ఉన్నదున్నట్లు పోవును. తగ్గించునట్టి ఇతర మార్గములలోను కొన్నింట ఈ గుర్తులు పోవచ్చును గనుక, మూలము మన వద్ద నుండవలసిన అగత్యము ఇక్కడ మరల కనబడుచున్నది.

2016లో ఆరంభమైన ప్రధానమంత్రి పంటల బీమా పథకమున, వడగండ్ల వంటి స్థానిక వైపరీత్యము వలన కలిగిన నష్టమును 72 గంటలలోపల తెలియజేయవలెనని నియమము. మెయిలులో ఫొటో పంపుట ఆ తెలియజేయుటకు బదులు కానేరదు. అది విధి ప్రకారము వేఱుగ చేయవలసినదే. ఐనను పిమ్మట వచ్చు విచారణలలో ఫొటో నడుగుదురు. దానికి పొలమంతయు పడునట్లు, గట్టు మీది చెట్టో, కరెంటు స్తంభమో, బావియో గుర్తుగ నుండునట్లు దూరము నుండి ఒకటి, పడిపోయిన పైరు కనబడునట్లు దగ్గర నుండి ఒకటి తీయవలెను. దూరపు దానిని 1280కి తగ్గించినను నష్టములేదు, పురుగు కాళ్ళు లెక్కించు పని దానిలో లేదు గనుక.

ఇక్కడ కార్యాలయముల వారికిని ఒక మాట చెప్పవలసి యున్నది. కొన్ని దరఖాస్తులలో ఫొటో 50 కె.బి.కి మించరాదని నిబంధన పెట్టుచున్నారు. మనిషి ముఖమును గుర్తించుటకు అది చాలును. అదే కొలతను పాడైన పైరు ఫొటోకు పెట్టి, తరువాత "ఫొటో స్పష్టముగ లేదు" అని త్రిప్పివేయుట న్యాయము కాదు. స్పష్టత కోరువారు కనీసము ఒక ఎం.బి.కైన చోటు విడువవలెను. ఆ పరిమితిని దరఖాస్తు పైననే అచ్చువేయవలెను. మన సంఘము సర్వసభ్య సమావేశమున ఈ విషయమై తీర్మానము చేసి పైవారికి పంపుట ఉచితమని నా మనవి. ఈ లోపల 50 కె.బి. అడిగినచోట దగ్గరగ కత్తిరించి, అడ్డము 640కు తగ్గించి చూడుడు. అప్పటికిని మించినచో ఇంకను గట్టిగ కత్తిరించుట మేలు గాని, గట్టిగ తూర్పారబట్టుట మేలు కాదు.

అంతర్జాలమున ఫొటోలను ఉచితముగ తగ్గించి యిచ్చు చోట్లు చాల గలవు. మనము ఫొటోను అక్కడి కెక్కించినచో వారి కంప్యూటరులో తగ్గి తిరిగి వచ్చును. మిరపాకు ఫొటోకు అందువలన వచ్చు ముప్పేమియు లేదు. కాని మన సభ్యులు పట్టాదారు పాసుపుస్తకము, ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకము ఫొటోలను కూడ అట్లే ఎక్కించుచున్నారు. ముక్కు మొగము తెలియనివాని చేతికి పాసుపుస్తకము నిచ్చి, "కొంచెము పట్టుకొనుము" అని పోవు రైతు ఎవరైన గలరా? నెట్ సెంటరు కంప్యూటరులో మిగిలిపోవు నకళ్ళ సంగతియు ఇట్టిదే. పురుగు ఫొటో ఎక్కడ తగ్గించినను సరే, ఈ పత్రముల ఫొటోలు మాత్రము స్వంత ఫోనులోగాని, సంఘ కార్యాలయములోగాని తగ్గించుకొనవలెను. పని ముగిసిన తరువాత కార్యాలయపు కంప్యూటరులో నుండి వానిని తీసివేయించుట సభ్యుని హక్కు.

సంఘము చేయవలసినది నా దృష్టిలో స్వల్పమే. నెలకొకమారు, సమావేశపు దినమున, ఒక గంట కాలము కంప్యూటరును సభ్యులకు విడువవలెను. పదవ తరగతి చదివిన బాలురు బాలికలు ఒకరిద్దఱు నేర్చుకొని మిగిలినవారికి చూపగలరు. ఈ పనిలో బాలికల ఓర్పు మేలని నా అనుభవము. ప్రతి సభ్యుని పేర ఒక ఫోల్డరు ఏర్పఱచి, మూల ఫొటోలు అందులో దాచవలెను. ఫైలు పేరుగ కెమెరా పెట్టిన అంకెలను విడిచి, సర్వే నంబరు, పైరు, తేది వ్రాసినచో ఏడాది తరువాతను వెదకుటకు వీలగును. జీమెయిలు ఖాతాకు ఉచితముగ దొరకు చోటు 15 జి.బి. మాత్రమే, 5 ఎం.బి. ఫొటోలైనచో మూడు వేలతో నిండును, నిండిన పిమ్మట కొత్త జాబులు రావు. కనుక మూలముల నన్నింటిని మెయిలులోనే దాచుకొనవచ్చునను ఆశ వద్దు. పరిహారము చేతికి వచ్చువఱకు, లేక తెగులు తగ్గి పంట ఇంటికి చేరువఱకు ఆ ఫోల్డరులోని దేనిని తుడిచివేయరాదని నియమ మేర్పఱచుకొనుట మంచిది.

రాబోవు సమావేశమున ఈ పద్ధతులను నేనే స్వయముగ చూపుటకు కార్యదర్శిగారు అంగీకరించినారు. పురుగు పట్టిన కొమ్మ నొకదానిని కవరులో పెట్టుకొని వచ్చినచో అక్కడనే ఫొటో తీసి, కత్తిరించి, తగ్గించి చూతము. ఫోనుతో పాటు దాని తీగను కూడ తెచ్చుకొనవలెను. కార్యాలయములో నున్న తీగ ఒక్క రకపు ఫోనులకు మాత్రమే సరిపడును.